పాలగదిలో పటం

శ్రీకాకుళంలో కొత్తగా కట్టిన ఈతకొలను, ఆటల కేంద్రం చూడడానికి మా అమ్మాయినీ, రెండు నెలల మనవరాలినీ వెంటబెట్టుకుని వెళ్లాను. తల్లులు బిడ్డలకు పాలివ్వడానికి అక్కడ ఒక గది ఉంది. తలుపు తీస్తే గోడకు అమ్మవారి పటం కనిపించింది. ప్రారంభోత్సవం నాడు ఆ గదిలో పూజ చేసి, పటాన్ని అక్కడే ఉంచేశారట.

"బాలింత లోపలికెల్లకూడదు బాబూ, మైల. మూడో నెల ఎల్లినాక రండి," అన్నాడు వాచ్‌మన్.

పిల్ల ఆకలితో గుక్కపట్టి ఏడుస్తోంది. పాలిచ్చే తల్లిని రానివ్వని పాలగది ఎవరికోసమని నిలదీశాను. మైల మనుషులు కల్పించుకున్నదే అన్నాను. ఇది ప్రజల సొమ్ముతో కట్టిన గది అని కూడా అన్నాను. అతను అన్నీ మర్యాదగా విన్నాడు, గుమ్మంలోంచి మాత్రం కదల్లేదు.

నేల తుడుస్తున్న పెద్దావిడ బకెట్టు పక్కన పెట్టి వచ్చింది. "ఒరే, అమ్మోరికి సంటిపిల్లలున్నారేటి, ఈ గది ఆయమ్మకెందుకు? తప్పుకో!" అంటూ లోపలికి వెళ్లి, పటం తీసి అతని చేతిలో పెట్టింది. "నువ్వెల్లమ్మా, పాలియ్యి."

మా అమ్మాయి వెళ్లి తలుపు వేసుకుంది. ఏడుపు ఆగింది. మైల మీద నా వాదన అప్పటికింకా సగంలోనే ఉంది.