పక్కసీటుకు దక్కిన పదివేలవ ప్రధాన సంఖ్య

ఈ రోజు పుంగనూరు మీదుగా పలమనేరు వెళ్లే బస్సులో కడుపు రగిలిపోయింది. నేను లెక్కల మాస్టారిని. ఏ టికెట్ చేతికొచ్చినా దాని నంబరు ప్రధాన సంఖ్యేనా అని చూసుకునే జబ్బు ఉంది.

కండక్టర్ మెషిన్‌తో రాగానే పక్కసీటు టమోటా రైతు, "ముందు సారుకి కొట్టప్పా" అన్నాడు. ఆ మర్యాదే నా కొంప ముంచింది. నాకొచ్చింది 104728, ఉత్త సరిసంఖ్య. ఆయనకు 104729. రెండు, మూడు, అయిదు అని వరసగా లెక్కపెట్టుకొస్తే, సాక్షాత్తూ పదివేలవ ప్రధాన సంఖ్య!

"టికెట్లు మార్చుకుందామా?" అన్నాను.

"యాల సార్? నాది పలమనేరు దాకా ఉండాది. మీది పుంగనూరుకే కదా!" అని అనుమానంగా చూశాడు.

నేను దిగేలోపే దాన్ని సన్నగా చుట్టి, కళ్లు మూసుకుని, హాయిగా చెవిలో తిప్పుకున్నాడు.

ఇంటికొచ్చి నేనూ నా టికెట్‌ను చుట్టి తిప్పి చూశాను. సరిసంఖ్యతో ఆ సుఖం రాలేదు. మీలో ఎవరికైనా వచ్చిందా?