ఆ మధ్యాహ్నం వచ్చింది నేను కాదు

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. నొప్పులు పడుతున్న నా భార్య ఫోన్ చేస్తే కట్ చేశాను. రెండుసార్లు మోగుతుంటే వదిలేశాను. మూడోసారి తన పేరు చూసి మరీ కట్ చేశాను.

దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌ని. ఏది చెడినా విప్పి చూస్తే కారణం దొరుకుతుందనుకునే పని మాది. దీన్ని మాత్రం ఎక్కడ విప్పాలో నాకింకా తెలియలేదు.

గౌరి మా మేనమామ కూతురు. శ్రీకాకుళం దగ్గర పల్లె. తొలి కాన్పుకు పుట్టింటికి పంపాల్సింది. మావయ్య పక్షవాతంతో మంచం పట్టడంతో అత్తే ఇక్కడికి వస్తానంది. ఇంకా మూడు వారాలుంది కదా, వచ్చే వారం రమ్మన్నాను. అప్పటిదాకా నిమ్‌పురా క్వార్టర్లో మేమిద్దరమే.

అంతకు ముందు రెండు ఆదివారాలు గౌరి నొప్పులని ఫోన్ చేస్తే క్రికెట్ మ్యాచ్ మధ్యలో వదిలేసి వెళ్ళాను. రెండుసార్లూ దొంగ నొప్పులే. మూడో ఆదివారం మా వర్క్‌షాపు విభాగాల మధ్య టోర్నమెంట్ ఫైనల్. "ఏరా సింహాచలం, మీ ఆవిడ ప్రతీ ఆదివారం కంటాదేటి?" అని మావాళ్ళు ఆట మొదలవకముందే ఏడిపించారు. అందరితోపాటు నేనూ నవ్వాను.

ప్యాడ్లు కట్టుకుని కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. మూడో కాల్ రెండూ నలభైకి. అప్పుడే వికెట్ పడింది. కట్ చేసి, ఫోన్ సంచిలో పడేసి మైదానంలోకి వెళ్ళాను. బ్యాటింగ్ చేశాను, తరువాత సాయంత్రం అయిదు దాకా వికెట్ కీపింగ్ చేశాను. స్కోరు పుస్తకంలో నా పేరుంది. నన్ను చూసినవాళ్ళు వంద మంది ఉంటారు.

ఇంటికి వస్తే తాళం వేసి ఉంది. పక్క క్వార్టర్ సరస్వతి పిన్ని గుమ్మంలో బియ్యం ఏరుకుంటోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టింది.

"మళ్ళీ వొచ్చినావేటిరా? ఏటైనా మర్సిపోనావా? గౌరికెలాగుంది?"

"గౌరి ఏదీ పిన్నీ?"

"నన్నడుగుతావేటి? నువ్వే కదరా టోటో రిక్షా పిలిసి, పిల్లని ఎత్తుకుని కూకోబెట్టినావు. నేనూ వొస్తానంటే అక్కర్నేదు, నేనున్నాను కదా అన్నావు."

తమాషా చేస్తోందనుకున్నాను. కానీ ఆమె ముఖం అలా లేదు. ఏ ఆసుపత్రో కూడా ఆమే చెప్పింది, నేనే చెప్పానట.

వార్డు బయట నర్సు నన్ను చూసి, "చా ఖేతే ఏతో దేరీ, దాదా?" అంది. టీ తాగడానికి ఇంతసేపా అని. ఆపరేషన్ అయిపోయింది. ఆడపిల్ల. గుడ్డలో చుట్టి నా చేతికిచ్చారు.

గౌరి ముఖం పాలిపోయి ఉంది. "నువ్వు ఫోన్ కట్ సేసినావు. ఇంక రావనుకున్నాను. అంతలోనే తలుపు కొట్టినావు," అంది. నా భుజం వైపు చూసి, "టోటోలో నీ భుజం కొరికేసినాను. నొప్పెట్టిందా?"

"నేదు," అన్నాను.

ఇది నా రెండో తప్పు. మొదటిదానికంటే పెద్దది. ఆ ఒక్క మాటతో, నేను చేయని పనికి నేను హక్కుదారునయ్యాను.

మర్నాడు పొద్దున బట్టల కోసం ఇంటికి వెళ్ళాను. మ్యాచ్‌కి నేను వేసుకున్నది తెల్ల టీషర్టు. నా నీలం గళ్ళ చొక్కా మేకుకి ఎప్పటిలాగే వేలాడుతోంది. తీసి చూశాను. కుడి భుజం దగ్గర గుడ్డ నలిగి, చిరిగి ఉంది. పంటి గాట్లు. తాళం చెవులు రెండే. ఒకటి నా జేబులో, రెండోది ఆసుపత్రిలో గౌరి దిండు కింద.

డిశ్చార్జి రోజున ఫైలులో ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నట్టు కాగితం చూశాను. బెంగాల్లో పుట్టి పెరిగినా నేను సంతకం తెలుగులోనే పెడతాను, చివర రెండు చుక్కలు పెట్టడం చిన్నప్పటి అలవాటు. ఆ కాగితం మీద నా సంతకం ఉంది. రెండు చుక్కలూ ఉన్నాయి.

భయపడ్డానా అంటే, లేదు. ఏమీ అనిపించలేదు. చేయి తిమ్మిరెక్కినట్టు మనసంతా అలా ఉండిపోయింది.

అత్త వచ్చి, ఇరవై ఒకటో రోజున పేరు పెట్టి, మావయ్యని చూసుకోవడానికి వెళ్ళిపోయింది. పాప పేరు మీనాక్షి. గౌరి ఆ పేరుతో పిలిచేది కాదు. వేళకి పాలిచ్చేది, గుడ్డలు మార్చేది, తరువాత గోడ చూస్తూ కూర్చునేది. పాప ఏడుస్తుంటే పక్కింటి పిల్ల గురించి చెప్పినట్టు, "ఏడుస్తంది," అనేది. కాన్పు తరువాత కొందరు తల్లులకి ఇలా అవుతుంది, మందులు వాడండి, ఒంటరిగా మాత్రం వదలకండి అని డాక్టరమ్మ చెప్పింది. నేను మందులు తెచ్చి అలమరలో పెట్టి, ఓవర్‌టైముకి పేరిచ్చాను.

గౌరి ముఖంలో కాస్త వెలుగు కనిపించేది ఆ మధ్యాహ్నం గురించి మాట్లాడేటప్పుడే. దేన్ని పట్టుకుని నిలబడుతోందో నాకు తెలుసు. అది అబద్ధమని కూడా నాకే తెలుసు. చెబితే ఆ ఆసరా కూడా పోతుంది. చెప్పకపోతే, ఇంట్లో ఉన్న నన్ను వదిలి తను ఎవరినో తలుచుకుంటూ బతకాలి.

ఒక రోజు దువ్వెన నా చేతికిచ్చింది. "ఆ దినం టోటో ఎక్కే ముందు నా జుట్టు ముడేసినావు కదా. అలాగ ఎయ్యి బావా." నేను ఎప్పుడూ వేసింది లేదు. ఏదో వేశాను. "ఇలాక్కాదు," అని విప్పేసుకుంది. ఆ వచ్చినవాడెవడో వాడి మీద నాకు ఆ క్షణంలో కోపం వచ్చింది. నా ముఖం పెట్టుకున్నవాడి మీద నాకు అసూయ.

పాపకి మూడో నెల. ఆదివారం మధ్యాహ్నం, గౌరి మంచం మీద కూర్చుని పాప గుడ్డలు మడత పెడుతోంది. "ఆ దినం లాగ నా సెయ్యి పట్టుకుని కూకో కాసేపు," అంది. నేను కూర్చోలేకపోయాను. నిలబడే మొత్తం చెప్పేశాను. ఫోన్ చూసి కట్ చేసిన సంగతి, మ్యాచ్, పిన్ని మాటలు, "నేదు" అన్న అబద్ధం, అన్నీ.

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. చేతిలో ఉన్న గుడ్డ మడత పూర్తి చేసింది. ఇంకోటి తీసింది.

"అయితే నువ్వింకా రానేదన్నమాట," అంది.

ఆ గుడ్డ కూడా మడత పెట్టి నా వైపు చూసింది.

"ఎప్పుడొస్తావు?"

మర్నాడు నెల రోజులకి సెలవు కాగితం పెట్టాను. క్రికెట్ మానేశాను. పిన్ని దగ్గర కూర్చుని, పాపని కాళ్ళ మీద పడుకోబెట్టి నూనె రాసి నీళ్ళు పోయడం నేర్చుకున్నాను. పెరట్లో పోస్తుంటే ఆమె గోడవతల నుంచి, "ఓలమ్మో, సూడండే, మంత్రసానొచ్చినాడు! పిల్ల సెవిలో నీల్లు ఎల్తన్నాయిరా, సరింగా పట్టుకో!" అని కేకలేసేది. గౌరి గుమ్మంలో నిలబడి చూసేది. మందు వేళకి నా చేత్తోనే ఇచ్చేవాణ్ణి. రాత్రి పాలయ్యాక పాపని నేనే భుజాన వేసుకునేవాణ్ణి.

ఎన్నాళ్ళకో, నేను నీళ్ళు పోస్తుండగా గౌరి మెట్టు దిగి వచ్చి తువ్వాలు పట్టుకుంది. "ఇలా తే మీనాని," అంది. పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

జుట్టు ముడి వేయడం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను. "ఇలాక్కాదు" అనడం మానేసింది, అంతే.

ఇప్పుడు మీనాకి రెండేళ్ళు. ఆ చొక్కాని గౌరి ఉతికి పెట్టెలో పెట్టింది. చిరుగు కుట్టలేదు. సంతకం సంగతి ఎవరినీ అడగలేదు, ఏమని అడగను? ఎవరు వచ్చారో, నా గొంతుతో "నేనున్నాను" అన్నదెవరో నాకు తెలియదు. అతను రాకపోతే వాళ్ళిద్దరూ ఏమయ్యేవారో మాత్రం తెలుసు.

డ్యూటీ నుంచి రాగానే జేబులో తాళం చెవి ఉన్నా తలుపు కొడతాను. లోపలి నుంచి గౌరి, "ఎవరు?" అంటుంది. "నేనే," అంటాను. వెంటనే తీయదు. ఒక్క క్షణం ఆగి, అప్పుడు గడియ తీస్తుంది.

ఆ క్షణంసేపు నేను బయట నిలబడతాను.