బూటు మీద తాపీ చప్పుడు

వెలిమెల సైటుకు వచ్చిన కొత్త బూట్ల పెట్టె విప్పగానే రబ్బరు వాసన గుప్పుమంది. ఒకటి తీసి ముందు భాగం మీద తాపీ కాడతో కొట్టాను. టక్‌మంది. లోపల ఇనుప తొడుగు ఉన్నట్టే. స్టోరు చూసే ఆవిడ నావైపు వింతగా చూసింది. ఈ అలవాటు నాకు సైలు మేస్త్రీ నుంచి అంటుకుంది.

ముత్తంగి దగ్గర గోదాము కడుతున్నప్పుడు నాది మొదటి ఉద్యోగం, ఆయనది ముప్పై ఏళ్ల అనుభవం. రోజూ పొద్దున గేటు దగ్గర ప్రతివాళ్ల బూటు మీదా వంగి తాపీతో కొట్టేవాడు. తిరగేసి అడుగు కూడా చూసేవాడు. పెద్దమనిషి తమ కాళ్లు ముట్టుకుంటుంటే కూలీలు సిగ్గుతో వెనక్కి జరిగేవారు, ఆయన మాత్రం మడమ పట్టుకుని ముందుకు లాగేవాడు. మొదటి రోజు స్పోర్ట్స్ షూతో వెళ్లిన నన్నూ లోపలికి రానివ్వలేదు. ఇంజనీరునన్న పొగరేమో, ఒళ్లు మండిపోయింది.

స్లాబు వేసే రోజు నిచ్చెన దగ్గర పూజ పెట్టుకున్నాం. దేవుడి ముందు బూట్లేమిటని అందరూ విప్పి ఓ మూల కుప్పగా పోశారు. సైలు మేస్త్రీ కొబ్బరికాయ కొట్టాడు. అప్పటికే గేటు బయట కాంక్రీటు లారీలు వరసగా నిలబడ్డాయి. ఆలస్యమైతే మాలు గట్టిపడిపోతుంది. కాంక్రీటును పైకి తోసే పంపు ఎందుకు మొదలవ్వలేదని మేనేజరు ఫోన్ మీద ఫోన్.  ముందు పైకెక్కండి, బూట్ల సంగతి తర్వాత చూద్దామని అరిచాను.

అందరూ ఒక్కసారిగా నిచ్చెనవైపు కదిలారు. అడ్డదారిన పోబోయిన కూలీ బాలమణి ముందు ఊడదీసిన సెంట్రింగు చెక్కలు పడున్నాయి, మేకులన్నీ పైకి నిలబడి. నేను చూస్తూ నిలబడిపోయాను. సైలు మేస్త్రీ వట్టికాళ్లతోనే ఉరికి ఆమెను వెనక్కి లాగాడు. ఆ ఊపులో ఆయన కాలే చెక్క మీద పడింది.

ఆయన అక్కడే కూలబడి మేకును పాదంలోంచి లాగేసుకున్నాడు. నేను దగ్గరికి పరుగెత్తితే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నా కాలు తర్వాత సూడు సారు. ఆళ్ల బూట్లు పట్కరా ముందుగాల."

చేతులనిండా బూట్లు మోసుకొచ్చాను. పాదానికి తువ్వాలు చుట్టుకుని, అది ఎర్రగా తడుస్తున్నా, అందరూ తొడుక్కున్నారని తేలేదాకా ఆయన ఆసుపత్రికి కదల్లేదు. లారీలు అట్లాగే నిలబడ్డాయి.

ఆయనకు షుగరు. పుండు మానలేదు, రెండు వేళ్లు తీసేశారు. ఆసుపత్రికి వచ్చిన మేనేజరు వాళ్లను వట్టికాళ్లతో పంపిందెవరని అడిగాడు.  ఉద్యోగం పోతే ఇంటికి ఏ మొహంతో వెళ్లాలి?

"నేనే చెప్పిన," అన్నాడు సైలు మేస్త్రీ, నావైపు చూడకుండా.

నేను నోరు విప్పలేదు. మేనేజరు వెళ్లాక ఏడుస్తూ ఆయన మంచం పక్కన కూర్చున్నాను. ఆయన తిట్టలేదు, ఓదార్చనూ లేదు. దిండు పక్కనున్న సంచిలోంచి తాపీ తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇగ నాతోటి వంగుడు కాదు. రేపటి సంది గేటుకాడ నువ్వు నిలవడు."

ఆయన మళ్లీ పనిలోకి రాలేదు. మూడేళ్ల క్రితం పోయాడు. ఆయన బతికుండగా మేనేజరు దగ్గరికి వెళ్లి నిజం చెప్పే ధైర్యం నాకు రాలేదు, దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. అందుకే ఏ సైటులోనైనా స్లాబు పూజ అయ్యాక బూట్ల కుప్ప పక్కన నిలబడి కూలీలకు సైలు మేస్త్రీ సంగతి చెప్తాను. ఆ రోజు వాళ్లను వట్టికాళ్లతో పంపింది నేనేనని చెప్తాను. తర్వాత వంగి ఒక్కో బూటూ కొట్టి చూస్తాను. అది అయ్యేదాకా లారీలు ఎన్ని ఆగినా పంపు మొదలుపెట్టనివ్వను.