మా మామ నేసిన సిలబస్

నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. మా కాలేజీలో కొత్తగా మొదలయ్యే కమ్యూనికేషన్ డిగ్రీకి మూడేళ్ళ ప్లాన్ మొత్తం నేనే వేసినానని మీరంతా అనుకుంటున్నారు కదా? మొన్న శనివారం నుంచి ఫోన్లు చేసి మరీ కంగ్రాట్స్ చెబుతున్నారు. ఆ కంగ్రాట్స్‌లో సగం మా మామకు పోవాలి. సగమేంటి, ముప్పావు వంతు! ఎందుకో వినండి. ముందు ఆ టీ గ్లాసు ఇట్లా జరపండి, అది నాదే.

నేను ఆదోనిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్నని మీకు తెలుసు. కాపురం ఎమ్మిగనూరులో. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. పదకొండేళ్ళుగా తెలుగు, ఇంగ్లీషు, సాఫ్ట్ స్కిల్స్, ఎవరు లీవు పెడితే వాళ్ళ క్లాసు, అన్నీ చెప్పినాను. నేను జర్నలిజంలో పీజీ చేసిన సంగతి నేనే మర్చిపోయే టైములో మా ప్రిన్సిపాల్ గారు రూముకు పిలిపించినారు.

"కమ్యూనికేషన్ డిగ్రీ పెడుతున్నామయ్యా. ఆరు సెమిస్టర్లకూ కోర్సు ప్లాన్ నువ్వే వెయ్యి. వచ్చే శనివారం యూనివర్సిటీ నుంచి కమిటీ వస్తుంది. వాళ్ళు సరేనంటే డిపార్ట్‌మెంట్ నీదే. కాదంటే..." అని ఆపి, కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

కాదంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఎండాకాలం అడ్మిషన్ల డ్యూటీ! బ్యాగు నిండా పాంప్లెట్లు పెట్టుకుని ఆస్పరి దాకా ఊరూరూ తిరిగి, ఇంటింటి తలుపూ కొట్టి 'మీ పిల్లోణ్ణి మా కాలేజీలో చేర్పించండి' అని బతిమాలుకోవాలి. మూడేళ్ళుగా అదే చేస్తున్నాను. పోయినేడు ఒక ఊళ్ళో కుక్క తరిమింది. ఇంకో ఊళ్ళో ఒకాయన నన్ను చీటీల కంపెనీవాడనుకుని తరిమినాడు. ఆ రెండింట్లో కుక్కే కాస్త మర్యాదగా తరిమింది. కాబట్టి ఈ కోర్సు రావాలి. రాకపోతే నా బతుకు మళ్ళీ ఎండలోనే.

రూములోంచి బయటికొస్తుంటే ప్రిన్సిపాల్ గారు మళ్ళీ పిలిచినారు. "ఆఁ, వచ్చేవాళ్ళు నలుగురు. సన్మానానికి నాలుగు శాలువాలు కావాలి. మీ ఊళ్ళో నేయించు, మంచి నూలువి."

దానికేం భాగ్యం! పిల్లనిచ్చిన మా మామది మగ్గమే. ఇప్పటికీ గుంత మగ్గంలోకి దిగితే మధ్యాహ్నం అన్నానికి పిలిచేదాకా పైకి రాడు. ఆ సాయంత్రమే బస్సు దిగి నేరుగా వాళ్ళింటికి పోయి సంగతి చెప్పినాను.

మామ పోగుల నడుమ అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆపి తలెత్తినాడు. "డిజైను ఏమన్నా అనుకున్యావా అప్పా?"

"నేనే గీసిస్తా మామా. మంచి కలర్‌ఫుల్‌గా ఉండాల" అన్నాను.

చూడండి, మా ఇంట్లో మగ్గం మా తాతతోనే పోయింది. తెగిన పోగు ముడెయ్యడం కూడా నాకు రాదు. అయినా డిజైన్ అనే మాట మాత్రం నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో! అన్నంత సులువుగానే మర్చిపోయినాను కూడా.

ఆదివారం అత్తగారింట్లో భోజనం. కడుపు నిండా తిని, వసారాలో మంచం మీద కూర్చుని, మా పాప స్కెచ్ పెన్నులు, గ్రాఫ్ కాగితం ముందేసుకుని కోర్సు ప్లాన్ మొదలుపెట్టినాను. మామూలుగా టేబుల్ గీసి రాస్తే సరిపోయేది. కానీ మనం కమ్యూనికేషన్ మనుషులం కదా, విజువల్‌గా ఉండొద్దూ! పేపరుకు ఒక అడ్డగీత. థియరీకి ఎరుపు, ప్రాక్టికల్‌కు పచ్చ, భాషలకు నీలం, ప్రాజెక్టుకు పసుపు. సెమిస్టర్‌కు ఐదు గీతలు ఒక గుత్తి. గుత్తికీ గుత్తికీ నడుమ కాస్త ఖాళీ. మొత్తం ఆరు గుత్తులు. గీతల మీద ఒక్క అక్షరం రాయలేదు. రాస్తే అందం చెడిపోతుందని, పేర్లన్నీ వేరే నోట్‌బుక్కులో రాసుకున్నాను.

ఐదో సెమిస్టర్‌లో రెండో పచ్చగీత దగ్గర చిక్కొచ్చింది. రేడియో ప్రాక్టికల్ అనుకుని పెన్సిల్‌తో గీసినాను. ఇంతలో గుర్తొచ్చింది, మా కాలేజీలో రేడియో రూము కాదు కదా, చప్పుడు కాని రూమే లేదు. సరే, ఇంకేదన్నా పెడదామని ఆ గీత చెరిపినాను. అప్పుడే మా అత్త "పాయసం తెస్తాండా" అని కేకేసింది. పాయసం వచ్చింది. గీత రాలేదు.

చివర్లో ఫోన్‌తో ఫొటో తీసుకుని, కాగితం కిటికీలో గ్లాసు కింద పెట్టి ఇంటికొచ్చేసినాను. సోమవారం కాలేజీలో ఆ ఫొటో చూసి, నాలుగు గీతల గుత్తిని నాలుగు గీతల గుత్తిగానే కంప్యూటర్‌లోకి ఎక్కించినాను. నా తప్పును నేనే పొల్లుపోకుండా కాపీ కొట్టుకున్నానన్నమాట.

ఇప్పుడు అసలు పాపం. బుధవారం మధ్యాహ్నం స్టాఫ్ రూములో కూర్చుని మొదటి సెమిస్టర్ పాఠాలకు స్లైడ్లు చేసుకుంటున్నాను. స్లైడ్ పేరు 'శ్రద్ధగా వినడం'. ఎదుటి మనిషి మాట్లాడేటప్పుడు వేరే పని చేయరాదు, మధ్యలో తుంచరాదు, అర్థం కాకపోతే తిరిగి అడగాలి. ఇట్లా చుక్కలు పెట్టి టైపు చేస్తున్నాను. ఫోన్ మోగింది. మా ఆవిడ సరోజ.

"ఏమండీ, ఇంటాండారా? నాయన అడగమన్యాడు. ఆ శాలువాల డిజైన్లో ఐదో గుత్తిలో ఒక పచ్చ గీత తక్కువుందంట. కడమ అన్నిట్లో రెండు పచ్చలుండాయి, దీంట్లో ఒకటే ఉందంట. కావాలనే వదిలినారా, మర్చిపోయినారా అని..."

నేను ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ఇంకో చేత్తో 'మధ్యలో తుంచరాదు' అనే దానికి బోల్డ్ పెడుతున్నాను. "ఆఁ... ఆఁ... కలపమను. ఏది బాగుంటే అది కలపమను సరోజా. నేను బిజీ."

"ఇంకోసారి సూసి సెప్పండి, నేసినాక మార్చేకి కాదు..."

"కలపమన్నాను కదా!" పెట్టేసినాను.

డిజైన్ నేనివ్వలేదు కదా, ఈ గుత్తులేంటి, ఈ పచ్చగీతలేంటి అన్న డౌటు రావాలా వద్దా? రాలేదండీ. మామే ఏదో సొంతంగా వేసుకుంటున్నాడులే అనుకున్నాను. అనుకుని, 'అర్థం కాకపోతే తిరిగి అడగాలి' అనే దాని కింద గీత కొట్టినాను.

శుక్రవారం శాలువాలు కవర్లో పెట్టి సరోజ చేతికిచ్చింది. "ఒగసారి ఇప్పి సూడండి" అంది. ఇస్త్రీ మడత చెడిపోతుందని విప్పలేదు.

శనివారం. సెమినార్ హాలు. నలుగురు సభ్యులు, మధ్యలో ఛైర్‌పర్సన్ మేడమ్. తెల్ల చీర, కళ్ళద్దాలు, మనిషి నవ్వుతుందో లేదో చూడగానే తెలియని ముఖం. ప్రిన్సిపాల్ గారు మొదటి శాలువా తీసి విదిలించినారు.

మీగడ రంగు బట్ట. దాని మీద ఎరుపు, పచ్చ, నీలం, పసుపు అడ్డగీతలు. గుత్తులు గుత్తులుగా. ఒకటి, రెండు, మూడు... ఆరు!

అది నా సిలబస్! ఆరు సెమిస్టర్లూ మేడమ్ భుజాల మీద ఉన్నాయి. గ్లాసు కింద పెట్టొచ్చిన కాగితం అప్పుడు గుర్తొచ్చింది. గీసిస్తానన్నది నేను. రంగురంగుల గ్రాఫ్ కాగితం ఆయనింట్లో వదిలింది నేను. మామ తప్పని ఎవరన్నా అంటే నేనే ఒప్పుకోను. మగ్గం మనిషికి గ్రాఫ్ కాగితమంటే డిజైనే కదా!

ఒకరి తర్వాత ఒకరికి, నలుగురికీ కప్పినారు. నా సిలబస్ నాలుగు కాపీలు నా ఎదురుగా వరసగా కూర్చున్నాయి. తర్వాత నా వంతు. స్క్రీన్ మీద మొదటి స్లైడ్ వేయాలి. ఆ స్లైడ్ ఏంటి? అవే గీతలు! బటన్ నొక్కినాను.

హాలంతా 'ఓహ్' అంది. ప్రిన్సిపాల్ గారు స్క్రీన్ చూసి, శాలువా చూసి, ముఖం వెలిగిపోతుండగా లేచి నిలబడినారు. "చూసినారా మేడమ్! మా లెక్చరర్ సిలబస్‌నే శాలువాగా నేయించినాడు!"

మేడమ్ నా వైపు తిరిగినారు. "చాలా బాగుంది. ఐడియా మీదేనా?"

నిజం చెప్పాల్సిన చోటు అదే. చెప్పినానా? "అవును మేడమ్. మన లోకల్ ఆర్ట్‌ని కరికులంతో కనెక్ట్ చేద్దామని..." అని నోటికొచ్చింది వాగినాను. ఇద్దరు సభ్యులు చప్పట్లు కూడా కొట్టినారు. సిగ్గు లేకుండా చేతులు జోడించినాను.

మేడమ్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. శాలువా అంచు ఒళ్ళోకి లాక్కుని వేలితో గీతలు లెక్కపెడుతున్నారు. స్క్రీన్ వైపు చూస్తున్నారు. మళ్ళీ లెక్కపెడుతున్నారు.

"మాస్టారూ, ఐదో సెమిస్టర్‌లో స్క్రీన్ మీద నాలుగు గీతలున్నాయి. నా ఒంటి మీద ఐదున్నాయి. ఏది కరెక్టు?"

మిగతా ముగ్గురూ గబగబా ఎవరి శాలువా వాళ్ళు వెతుక్కున్నారు. "నాదీ ఐదే మేడమ్" అన్నాడొకాయన. "ఇక్కడా ఐదే" అన్నాడు ఇంకొకాయన. స్క్రీన్ ఒక్కటే ఒంటరిదైపోయింది.

నేనూ లెక్కపెట్టినాను. నాలుగే! చెరిపిన గీత, పాయసం, సరోజ ఫోను అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చినాయి. ప్రతి సెమిస్టర్‌కూ ఐదు పేపర్లు లేకపోతే ఆ క్షణమే ఫైలు వెనక్కి పోతుంది. పాంప్లెట్ల బ్యాగు, ఆ కుక్క, ఆ చీటీలాయన కూడా కనబడినారు. శాలువా తప్పంటే తప్పించుకుంటానేమో. అనడానికి నోరు తెరిచినాను కూడా. కానీ గుంతలో కూర్చుని గీత గీతా లెక్కపెట్టి, ఒకటి తక్కువుందని కబురు చేసిన మనిషి గుర్తొచ్చినాడు.

"శాలువాదే కరెక్ట్ మేడమ్. స్క్రీన్ మీది తప్పు నాది. సరిదిద్దింది మా మామ."

"ఆయన ఏ కాలేజీలో చేస్తారు?"

"కాలేజీ కాదు మేడమ్. మగ్గం."

ఇంక దాచేదేముంది? కిటికీలో కాగితం నుంచి ఫోన్ పెట్టేయడం దాకా అంతా చెప్పేసినాను. ఇందాక ఐడియా నాదేనని కోతలు కోసింది కూడా చెప్పినాను. ముందు ఆ 'నాదీ ఐదే' అన్నాయన నవ్వినాడు. తర్వాత అందరూ. మేడమ్ అయితే కళ్ళద్దాలు తీసి, ఆ శాలువా అంచుతోనే కళ్ళు తుడుచుకున్నారు. ప్రిన్సిపాల్ గారు నవ్వాలో ఏడవాలో తెలియక నావైపే చూస్తున్నారు.

"సరే, ఆ పచ్చగీత ప్రాక్టికల్ అన్నారు కదా. ఏం ప్రాక్టికల్?" అన్నారు మేడమ్.

మామ గీత వేసినాడు గానీ దానికి పేరు పెట్టలేదు కదా! "పిల్లల్ని మగ్గాల దగ్గరికి, చేలల్లోకి, మార్కెట్ యార్డుకు పంపుతాం మేడమ్. వాళ్ళు చెప్పేది విని, విన్నది విన్నట్టు రాసుకు రావాలి. లిజనింగ్ ప్రాక్టికల్" అన్నాను. ఆ హాల్లో నేను చెప్పిన మాటల్లో నిజంగా ఆలోచించి చెప్పింది అదొక్కటే.

"రాసుకోండి" అన్నారు మేడమ్ పక్కాయనతో. "శాలువాలో ఉన్న ప్రకారం అనుమతించడమైనది."

ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా మామ దగ్గరికి పరిగెత్తినాను. సరోజ, మా అత్త అక్కడే ఉన్నారు. జరిగిందంతా చెబితే వాళ్ళిద్దరూ పొట్ట పట్టుకుని నవ్వినారు. నేను మాత్రం మగ్గం గుంత అంచున కూర్చున్నాను. "నా ఉద్యోగం నిలబెట్టినావు మామా" అన్నాను. మామ నవ్వలేదు. గుంతలోంచే నిదానంగా అడిగినాడు.

"అయితే నేను కలిపిన ఆ పచ్చ గీతకు ఏం సదువు పెడితివప్పా?"

"ఎదుటోళ్ళు చెప్పేది శ్రద్ధగా వినే చదువు మామా."

మామ నాడె చేతిలోకి తీసుకున్నాడు. "మంచి సదువే. మొదటి అడ్మిషన్ నువ్వే తీసుకోప్పా."

తలూపినాను. ఈసారి మాట పూర్తిగా విని మరీ ఊపినాను.