గది నిండా వైపర్ చప్పుడు

మా గదికి గోడలుండవు. ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉన్న సర్వర్ అది. హామ్ రేడియో లైసెన్సు ఉన్నవాళ్లం చేతి సెట్టులో దాని నంబరు కొట్టి అందులో చేరతాం. కొత్తవాడలో మా ఇంటి జంపఖానాల మగ్గం పక్కన కూర్చుని నేను మాట్లాడితే స్టేషన్ ఘన్‌పూర్‌లోనూ వినబడుతుంది, ఏటూరునాగారంలోనూ వినబడుతుంది. అయితే ఒకరు బటన్ నొక్కి ఉన్నంతసేపు ఇంకొకరి గొంతు లోపలికి రాదు. అందుకే ఒకరు ముగించగానే మరొకరు అందుకోకూడదు, కాస్త ఆగాలి. ఆపదలో ఉన్న మనిషి ఎవరైనా ఉంటే ఆ సందులోంచే రావాలి.

ఈ మాట మాకు రోజూ నూరిపోసింది గదిని నడిపే పెద్దాయన. స్టేషన్ ఘన్‌పూర్ మనిషి, నేను కాకా అని పిలుస్తాను. "జర ఆగుండ్రి, సందు ఇయ్యుండ్రి" అని అందరినీ కసిరేవాడు. తాను మాత్రం సెట్టు పట్టాడంటే వదిలే రకం కాదు. బటన్ మరీ ఎక్కువసేపు నొక్కి ఉంటే సెట్టు దానంతటదే ఆగే ఏర్పాటు ఒకటుంటుంది. తన ఉపన్యాసాలకు అడ్డమొస్తోందని కాకా దాన్ని తీసేసుకున్నాడు. అడ్డొచ్చినవాళ్లను గదిలోంచి బయటికి నెట్టే పాస్‌వర్డు కూడా ఆయన ఒక్కడి దగ్గరే ఉండేది. మేం దాని మీద జోకులేసుకునేవాళ్లం. నేనైతే అందరికంటే ఎక్కువ నవ్వేదాన్ని.

ఆ వానాకాలం ముసురు పట్టి వదల్లేదు. గదిలో రోజూ కలిసే ఏటూరునాగారం అన్న, సెల్‌ఫోన్లు బాగుచేసే మనిషి, వాగు అవతలి పల్లెలో ఒంటరిగా ఉన్న అత్తను తీసుకురావడానికి పోయి అక్కడే చిక్కుకున్నాడు. అక్కడి సెల్ టవర్ పడుకుంది. చేతిలో మిగిలింది రేడియో సెట్టొక్కటే. దారిలో ఒక ఎత్తు మీద మేం పెట్టుకున్న రిపీటర్ అతని గొంతును అందుకుని గదిలో వేస్తోంది. మధ్యాహ్నం ఆ గొంతు వచ్చింది.

"అక్కా, బడి డాబా మీదున్నం. నీళ్లు మెట్ల దాక వచ్చినయ్. ఇంక పెరిగితే వెనక నుంచి గుట్టెక్కుతం. ఇక్కడ రెండు గుట్టలున్నయ్, ఏది ఎక్కితే అది చెప్త. అత్తకు చాతనైతలేదు, ఒక్కటే వణుకుతాంది. బ్యాటరీ తక్కువున్నది, బంద్ చేసి పెడుత. పొద్దు గూకకముందు ఆన్ చేస్త. ఓవర్."

వరద సాయానికి తిరుగుతున్న పడవవాళ్లకు నేను ఫోన్ చేశాను. పడవ ఒక్కటే ఉందనీ, బడి దగ్గర వాగు ఉరవడికి అది నిలవదనీ, వెలుతురుండగా ఒక్క గుట్ట దగ్గరికే పోగలమనీ, ఏ గుట్టో తెలిస్తే బయల్దేరతామనీ అన్నారు. తెలియగానే చెప్తానన్నాను. సెట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గదిలో అందరూ నోళ్లు మూసుకుని అన్న కోసం చోటు వదిలారు.

సాయంత్రమవుతుండగా గదిలో చప్పుడు మొదలైంది. అన్న గొంతు కాదు. ఇంజను రొద, దాని మీద వైపర్ కీచుమని అటూ ఇటూ కొట్టుకోవడం, మధ్యమధ్య ఎవరిదో కూనిరాగం. సెట్టు తెర మీద కాకా కాల్‌సైన్, ఆయన లైసెన్సు గుర్తు, వెలుగుతోంది.

నాకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. అన్న ఉన్న వైపుకే బ్రెడ్డు ప్యాకెట్లు, దుప్పట్లు కారులో వేసుకుని వెళ్తున్నానని కాకా పొద్దున చెప్పాడు. సీటు మీది సెట్టు మీదికి ఏదో మూట ఒరిగింది. బటన్ నొక్కుకుపోయింది. అలా నొక్కుకున్న సెట్టుకు బయటి గొంతులేవీ వినబడవు. నేను ఎంత అరిచినా ఆయనకు చేరదు, గదికీ చేరదు. బయటికి నెడదామంటే పాస్‌వర్డు ఆయన దగ్గరే. ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. తర్వాత స్విచాఫ్ అని వచ్చింది. నా జన్మలో ఎవరినీ తిట్టనన్ని తిట్లు ఆ ముసలాయన్ని తిట్టాను.

వైపర్ కొట్టుకుంటూనే ఉంది. కాకా హాయిగా పాడుకుంటున్నాడు. ఈ చప్పుడు అవతల అన్న బటన్ నొక్కుతూ ఉంటాడు. మా ఆయన మగ్గం గుంటలోంచి లేచి ఫోన్ తెచ్చిచ్చాడు. "పడవోళ్లు మళ్ల చేసిండ్రు. ఏ గుట్టని అడుగుతాండ్రు. ఏం చెప్పాలె?"

ఇంకాస్త ఆగమని చెప్పమన్నాను. కిటికీలో వెలుతురు పలచబడుతోంది.

చాలాసేపటికి చప్పుడు ఠక్కున ఆగింది. రోడ్డు మీద పోలీసులు కారు ఆపారట, మూట జరిపాడట. కాకా గొంతు తీరిగ్గా వచ్చింది. "ఏందిరా, ఎవ్వరు మాట్లాడుతలేరు? అంతా మంచిగనే ఉన్నట్టున్నది. ఓవర్."

"కాకా, నువ్వు సెట్టు ముట్టకు!" అని అరిచి అన్నను పిలిచాను. "అన్నా, ఏ గుట్ట? ఓవర్." జవాబు లేదు. మళ్లీ పిలిచాను. గది ఖాళీగా ఉంది, ఇప్పుడు ఎవరైనా మాట్లాడొచ్చు. ఎవరూ మాట్లాడలేదు.

వెలుతురు పోతోందని పడవ దగ్గరి గుట్టకు పోయింది. అక్కడెవరూ లేరు. అంతలో చీకటి పడింది. తెల్లారాక రెండో గుట్ట మీద అన్నను పట్టుకున్నారు. అప్పటికి అత్త ప్రాణం పోయింది.

దినాలకు కాకాతో కలిసి నేనూ వెళ్లాను. అన్న మమ్మల్ని చూసి కుర్చీలు వేశాడు. కాకా కూర్చోలేదు. "నాతోనే అయింది బిడ్డా" అన్నాడు.

అన్న కోప్పడతాడని నేను భయపడ్డాను. కోప్పడినా బాగుండేది.

"నేను ఆన్ చేసేసరికి నువ్వు పాడుతున్నవ్ కాకా. నొక్కిన, పోలే. మళ్ల నొక్కిన, పోలే. జర సేపు ఆగి చూద్దం, బ్యాటరీ మిగులుతదని బంద్ చెయ్యబోయిన. అత్త నా చెయ్యి పట్టుకున్నది. ఎవరు బిడ్డా పాడేది అన్నది. మనకోసమే వస్తాండు అత్తా అని చెప్పిన. అయితే ఉండనియ్, బంద్ చెయ్యకు అన్నది. సెట్టు ఆరిపోయేదాక ఇద్దరం ఇనుకుంటనే కూసున్నం."