ఖాళీ అని రాసిన డబ్బా

మా ఊరి రేడియో స్టేషన్ టవర్‌ను కోసి పాత ఇనుము కింద తీస్కపోయిండ్రని తెలిసినప్పటి నుంచి అక్క నన్ను కుదురుగ ఉండనిస్తలేదు. అమ్మ గొంతున్న టేపు తెమ్మంటది. పోయిన అమ్మవి ఫొటోలు రెండున్నయ్, గొంతు మాత్రం ఇంకెక్కడా లేదు. అడుగుడు సులువే, తిరిగేటోనికి తెలుస్తది.

ఆ స్టేషన్‌ల నేను క్యాజువల్ అనౌన్సర్‌ని. మీడియం వేవ్ మీద ఇటు జూలూరుపాడు, అటు పెనుబల్లి, వేంసూరు దాకా మా మాట పోయేది. వానొస్తే ట్రాన్స్‌మిటర్ మొరాయించేది. పార్టు కావాలని రాస్తే పార్టు రాకపోయేది, ఇంకో ఫారం వచ్చేది. ఎఫ్ఎం వచ్చినంక పెద్ద సార్లకు మేం గుర్తే లేము. ఒక్కొక్కరే రిటైరయిండ్రు, ఆ కుర్చీలల్ల మల్లెవరూ కూసోలే. ఒకనాడు పొద్దటి ప్రసారం ఆగిపోతే, ఏమైందని ఒక్కరూ ఫోన్ చెయ్యలే.

అమ్మను ఒక్కసారే స్టూడియోకు తీస్కపోయిన, మహిళల ప్రోగ్రామ్‌కు. మిరపకాయ కల్లంల ఎట్ల ఎండబెట్టాలె, తాలుకాయ ఎట్ల ఏరాలె అని చెప్పింది. "పొద్దుగూకంగనే గిట్ల కుప్పజేసి పట్టా కప్పాలె బిడ్డా" అని మైకునే బిడ్డను చేసుకొని మాట్లాడింది. టేపు విన్న ప్రోగ్రామ్ సారు మొఖం చిట్లించిండు.

"భాష బాగలేదయ్యా. రేడియోకు పనికిరాదు, పక్కన పెట్టు" అన్నడు.

ఆ సారుదీ మా దిక్కే. ఇంట్ల ఆయన కూడా గట్లనే మాట్లాడుతడు. అయినా నేను నోరెత్తలే. మైకు ముందట పుస్తకం భాష మాట్లాడి బతికేటోణ్ణి, నాకేం నోరుంటది?

ప్రసారమని చెప్పిన రోజు అమ్మ వాడకట్టు ఆడోళ్లందర్ని కూసోబెట్టుకొని రేడియో పెట్టింది. అమ్మ మాటల జాగల సినిమా పాటలొచ్చినయ్. నేను ఇంటికి పోయినంక "నా గొంతు మంచిగ లేదారా?" అని అడిగింది. "టేపు తెగిందమ్మా" అన్న. మల్లెన్నడూ అడగలే.

పోయిన నెలంత ఆఫీసుల చుట్టూ తిరిగిన. ఇది మా సెక్షన్ కాదంటడు ఒకాయన, లెటర్ పెట్టుకోమంటడు ఇంకొకాయన. పెట్టిన లెటర్ యాడుందో ఇద్దరికీ తెల్వదు. చెప్పులరిగినంక స్టోర్‌రూమ్ తాళం తీసిండ్రు. బూజు పట్టిన డబ్బాల నడుమ అమ్మ టేపు దొరికింది. అట్ట మీద 'మిర్చి, మహిళల ప్రోగ్రామ్' అని ఉంది. దాన్ని అడ్డంగ కొట్టేసి, కింద 'ఖాళీ' అని రాసుంది.

మాకు కొత్త టేపులకు ఎప్పుడూ కరువే. ఖాళీ అంటే, చెరిపి మల్ల వాడుకోండని. ఆ మాట రాసినంక చెరగకుండ మిగిలిన టేపు ఒక్కటీ లేదు. పక్కన పెట్టిన డబ్బాలన్నిటి మీద ఆ మాట రాసుడు క్యాజువల్ అనౌన్సర్ పని. నెలకోసారి కుప్పేసుకొని, ఏ డబ్బా ఏందో చూడకుండ రాసేటోణ్ణి. ఆ రాత నాదే.

అప్పుడే అక్క ఫోన్ చేసింది.

"దొరికిందారా?"

"దొరికింది."

"ఏమంటుంది అమ్మ?"

"టేపు తెగిందక్కా" అన్న.