గడుల ఆట, లోతు ఆట

సూరత్ దగ్గర జోల్వాలోని మా పవర్‌లూమ్ షెడ్డుకు వచ్చేనాటికి దేవదాసుకు మీసాలు సరిగా మొలవలేదు. సిరిసిల్ల పక్క పల్లె అతనిది. మగ్గాల చప్పుడు పుట్టినప్పటి నుంచీ చెవుల్లో ఉన్నదే కాబట్టి సూరత్ అతన్ని పెద్దగా భయపెట్టలేదు. మొదట బాబిన్లు మోశాడు, తర్వాత మగ్గం నడిపాడు, చివరికి కొక్కెం పట్టుకుని బీము ముందు కూర్చున్నాడు. ఆ పీట మీద నుంచి మళ్లీ లేవలేదు. నేను ఫిట్టర్ని, చాలామంది చేతులు చూశాను. అతనివి ఆ పనికి సరిపోయిన చేతులు.

ఆ పని ఏమిటో చెప్పాలి. కొత్త బీము, అంటే పడుగు చుట్టిన దిమ్మె, మగ్గం ఎక్కే ముందు దాని పోగులన్నీ ఒక్కొక్కటిగా రాచుల్లోంచి లాగాలి. రాచు అంటే సన్నటి ఇనుప తీగెలు వరసగా వేలాడే చట్రం. ప్రతి తీగె నడుమ సూది బెజ్జమంత కన్ను ఉంటుంది. అలాంటి రాచులు ఒకదాని వెనుక ఒకటి నాలుగైనా ఉంటాయి. ఏ పోగు ఏ రాచులోంచి రావాలో దానికి వరస ఉంది. వెనుక కూర్చున్నవాడు పోగు అందిస్తాడు, ముందు కూర్చున్నవాడు కొక్కెం దూర్చి లాగుతాడు. మా షెడ్డులో వెనుక లస్మయ్య, ముందు దేవదాసు. లస్మయ్య వయసులో పెద్దవాడు, నోరు ఊరుకోదు. దేవదాసు మాట్లాడడు. కొక్కెం మాత్రం ఆగేది కాదు.

దేవదాసుకు తాగుడు లేదు, పేకాట లేదు. పాత కేసెట్ వీడియో ఆటలే అతని పిచ్చి. ఉధనా దగ్గర ఆదివారం అంగట్లో కొన్న ప్లాస్టిక్ పెట్టె ఒకటుండేది. దాన్ని టీవీకి తగిలించి, పసుపు కేసెట్ గుచ్చి, చిన్న బొమ్మను గుంతల మీదుగా దూకించేవాడు. డిండోలిలో అతని గదికి ఎప్పుడు వెళ్లినా, సెలవు రోజైతే, అతను టీవీకి మరీ దగ్గరగా కూర్చునే కనిపించేవాడు.

"అన్నా, ఈ బొమ్మ మొఖం సూడు" అనేవాడు నాతో. "కంటికి ఒక గడి, ముక్కుకు ఒక గడి. అంతే. గిన్ని తక్కువ గడులల్ల మనిషిని నిలబెట్టిండంటే వాడు పనిమంతుడన్నట్టు. మన చీర అంచుల నెమలి గూడ గిట్లనే గదా, గ్రాఫు కాగితం మీద గడి గడి నింపుడే."

2020 వేసవిలో కరోనాతో మగ్గాలు ఆగిపోయినప్పుడు సగం షెడ్డు ఊళ్లకు వెళ్లిపోయింది. దేవదాసు, అతని భార్య లత డిండోలిలోనే ఉండిపోయారు. రైలు దొరికే సమయానికి షెడ్డు తెరుస్తారన్న మాట వినిపించింది, ఆగారు. లత ఇంటి దగ్గర చీరలకు రాళ్లు అంటించేది. ఆమెకు చీరలు ఇచ్చే ఇంటావిడ అటకలు ఖాళీ చేస్తూ, కొడుకు ఆడి వదిలేసిన పాత డిస్కుల మిషను, ఒక సంచి డిస్కులు ఆమె చేతిలో పెట్టింది. అది కూడా పాతకాలపుదే, కానీ అందులో ఆటలు వేరు. బొమ్మ చుట్టూ తిరిగి చూడవచ్చు. గది ఉంటే గదికి లోపలి మూల ఉంటుంది, వంతెన ఉంటే దాని కింద లోయ ఉంటుంది.

లతకు అది పట్టుకుంది. రాళ్లు అంటించే పని కూడా లేని రోజులవి. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఒక టీవీ, ఇద్దరు ఆటగాళ్లు, తెగని తగవు.

"మూతులు సూడు, అట్టపెట్టెలు కోసి అంటించినట్టు" అనేవాడు దేవదాసు. "చేతికి వేళ్లు గూడ లేవు. గీ బొమ్మల్ని చేసినోడికి సిగ్గు లేదా?"

"నీ బొమ్మకేమో మెడ పట్టింది" అనేది లత. "ఎప్పుడు సూడు పక్కకే మొఖం. కుడికి ఉరుకుడు, కుడికి ఉరుకుడు. ఇంటికి ఎన్నడొస్తడయ్యా వాడు?"

"పనున్నోడు ముందటికే పోతడు. నీ బొమ్మ లెక్క గోడెనుక ఏమున్నదో తొంగి సూడడు."

"గోడెనుక ఏమున్నదో సూడకుంటే ఆట ఎందుకు? గోడ మీది సున్నం సూస్కుంట కూసో."

నేను గుమ్మంలోనే, ముక్కుకు రుమాలు కట్టుకుని నిలబడి, ఇద్దరిలో ఎవరి పక్షం చేరాలో తెలియక నవ్వేవాణ్ని. నాకు ఇద్దరి మాటా సబబుగానే తోచేది. గడుల బొమ్మలో చేసినవాడి ప్రతి నిర్ణయం కనబడుతుంది, దాచుకోవడానికి చోటు లేదు. లోతు ఆటలో ముఖాలు మొరటువే, కానీ అడుగు వేసే నేల ఉంది.

మగ్గాలు మళ్లీ నడిచాయి. దేవదాసు మళ్లీ బీము ముందు కూర్చున్నాడు. మరుసటి వేసవిలో రెండోసారి విరుచుకుపడిన జబ్బు అతన్ని కూడా పట్టుకుంది. ఆస్పత్రిలో పడక దొరికింది, ఊపిరి నిలబడింది. ఇంటికి వచ్చాక ఎడమ కన్ను కింద వాపు మొదలైంది. ఆ ఏడాది చాలామందిని తిన్న నల్ల ఫంగస్ అది. కన్ను తీసేస్తేనే మనిషి దక్కుతాడని డాక్టర్లు చెప్పారు. లత సంతకం పెట్టింది.

మనిషి దక్కాడు. కానీ ఇంటికి వచ్చినవాడికి టీ గ్లాసు అందలేదు. ఒంటి కంటికి ఏది ఎంత దూరమో తెలియక చెయ్యి గ్లాసుకు ఇవతలే మూసుకుంది. గిన్నెలోంచి పోస్తే టీ గ్లాసు పక్కన పడింది. మెట్టు ఉందనుకున్న చోట లేదు, లేదనుకున్న చోట తగిలింది.

షెడ్డు మాస్టరు ఓంప్రకాష్ జగిత్యాల వైపు వాడు, మంచివాడే. అతను డిండోలి వచ్చి పరామర్శించాడు. వెళ్లబోయే ముందు అసలు మాట చెప్పాడు. "దేవదాసూ, పని ఏడికి పోదు. బాబిన్లు మోసుడో, గేటు కాడ కూసునుడో ఏదో ఒకటి ఇస్త. గని బీము ముంగట మాత్రం కష్టమే. ఒక్క పోగు తప్పు రాచుల పడ్డదనుకో, తాకా గుడ్డ పొడుగంత గీత వస్తది. నీకు నేను చెప్పాల్నా?"

దేవదాసు తల ఊపాడు. మాస్టరు చెప్పింది నిజమే. ఆ వారమే అతను షెడ్డుకు వచ్చి పీట మీద కూర్చుని చూసుకున్నాడు. నాలుగు రాచుల తీగెలూ ఒకే గోడకు గీసిన గీతల్లా కనిపించాయి. ఏది ముందరిదో ఏది వెనుకదో తెలియలేదు. మొదటి రాచు అనుకుని కొక్కెం పెడితే అది మూడోదాన్ని తాకింది. కొక్కెం పక్కన పెట్టి లేచి వెళ్లిపోయాడు.

ఇంట్లో కేసెట్ ఆట మాత్రం ఎప్పటిలాగే ఆడగలుగుతున్నాడు. ఒక్క గుంత కూడా తప్పడం లేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

"ఇప్పుడు ఊరంత నా ఆట లెక్కనే అయిందే" అన్నాడొకసారి లతతో. "అంత ఒక్క గోడ మీద గీసినట్టున్నది. ఆటల నేనే రాజును. ఆట బంజేస్తే టీ గూడ పోసుకోరాదు."

లత కేసెట్ తీసి తన డిస్కు పెట్టుకుంది. తన మీద జాలి పడుతూ పక్కన కూర్చోవడం అతనికి నచ్చదని ఆమెకు తెలుసు.

ఆమె బొమ్మ గాలిలో తేలే పలకల మీద నడుస్తోంది. ఒక పలక నుంచి ఇంకో పలకకు దూకాలి, తప్పితే పాతాళం. దేవదాసు చాలాసేపు ఊరికే చూశాడు. అప్పుడు అతనికి ఒక అనుమానం వచ్చింది. టీవీ అద్దం బల్లపరుపు. దాని ముందు రెండు కళ్లున్నా ఒక కన్నున్నా ఒకటే. మరి ఎదుటి పలక ఎంత దూరంలో ఉందో ఈమెకెలా తెలుస్తోంది?

"ఓసారి ఆపు. ఎట్ల దూకుతున్నవ్?"

"ఎట్లంటే? దూకుతున్న."

"గది కాదే. పలక దగ్గరున్నదా దూరమున్నదా, ఎట్ల ఎరుకైతది?"

లత ఆలోచించింది. చేతికి వచ్చిన పనిని మాటల్లో చెప్పడం కష్టం. "నీడ" అంది చివరికి. "బొమ్మ గాల్లకు లేసినంక దాని మొఖం సూడ. కింద నల్లగ నీడ పడుతది సూడు, గదే సూస్త. నీడ పలక మీదికొచ్చిందా, ఇగ దిగుడే. ఒక్కోసారి నీడ గూడ సమజ్ కాకుంటే సూపు జర అటిటు తిప్పుత. దగ్గరిది గబగబ జరుగుతది, దూరంది మెల్లగ జరుగుతది."

"ఇటియ్యి."

"అట్టపెట్టె మొఖాలు గదయ్యా? నీకెందుకు?"

"ఇయ్యవే తల్లీ!"

ఆ మధ్యాహ్నమంతా అతను పాతాళంలో పడుతూనే ఉన్నాడు. లత నవ్వింది, తిట్టింది, "నీడ, నీడ సూడు, బొమ్మను గాదు" అని మోకాలి మీద కొట్టింది. కుడికి మాత్రమే పరుగెత్తడం తెలిసిన బొటనవేలికి కొత్త దిక్కులు అలవాటు కావడానికి చాలా రోజులే పట్టింది. అయినా వదల్లేదు. నచ్చని ఆటను అంత శ్రద్ధగా ఆడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ముఖాలు వికారంగా ఉన్నాయని తిడుతూనే ఆడేవాడు.

పలకల మీద బొమ్మ నిలబడడం మొదలయ్యాక అతను వంటగదిలోకి వెళ్లాడు. కిటికీ వెలుతురు పక్క నుంచి పడే చోట గ్లాసు పెట్టి గిన్నె వంచాడు. గిన్నె అంచు నీడ గట్టు మీద పాకుతూ వచ్చి గ్లాసు ఎక్కింది. అప్పుడు పోశాడు. టీ గ్లాసులోనే పడింది.

తర్వాత నన్ను అడిగి షెడ్డు నుంచి పాత రాచులు తెప్పించుకున్నాడు. కిటికీ చువ్వలకు ఒకదాని వెనుక ఒకటి కట్టాడు. పైనుంచి పడే ట్యూబులైటు వెలుతురు పనికిరాలేదు, నీడలన్నీ కిందికే పోయేవి. టేబుల్ లైటును పక్కన, మోచేతి ఎత్తులో పెట్టాడు. ఇప్పుడు కొక్కెం నీడ తీగెల మీద పడింది. కొక్కెం ముందుకు పోయే కొద్దీ నీడ దానికి దగ్గరగా వచ్చింది. మొనా నీడా కలిసిన చోటే తీగె. ఏ రాచు ముందరిదో తెలియడానికి తలను మెల్లగా పక్కకు ఊపేవాడు. ముందు తీగెలు ఎక్కువ కదిలేవి, వెనుకవి తక్కువ. లత బీరువాలోంచి దారాలు తీసి వెనుక నుంచి అందించేది.

"నేను లస్మయ్యననుకో" అనేది.

"లస్మయ్యైతే ఇంత సేపు సప్పుడు జేయకుంట ఉంటడా?"

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో దేవదాసు లైటు సంచిలో వేసుకుని జోల్వా వచ్చాడు. ఒక సాదా బీము ఇచ్చి చూడమని మాస్టరును అడిగాడు. ఓంప్రకాష్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆ రోజు ఆర్డరు తొందరేమీ లేదు. "సరే, కూసో" అన్నాడు.

లస్మయ్య వెనుక కూర్చున్నాడు. లైటు వెలగగానే గొణగడం మొదలుపెట్టాడు. "ఏందిరా ఇది, నా కండ్లల్లనే కొడుతున్నది. నీకు కండ్లు కావాలె, నాకు వద్దా?"

"తువ్వాల కట్టుకో మామా. తార్ అందియ్యి."

లస్మయ్య తువ్వాలు నుదుటి మీద గొడుగులా కట్టుకుని పోగు అందించాడు. దేవదాసు తల అటూ ఇటూ ఊపుతూ కొక్కెం దూర్చాడు.

"ఎల్లమ్మ పూనిందిరో!" అని అరిచాడు లస్మయ్య. "నిమ్మకాయలు దెండిరా ఎవడన్న!"

చుట్టూ చేరిన వాళ్లు నవ్వారు. దేవదాసు కూడా నవ్వాడు, కానీ కొక్కెం ఆపలేదు. వేగం మునుపటిది కాదు. మునుపు ఒక పూటలో అయ్యే పని ఆ రోజు సాయంత్రానికి కూడా మిగిలింది. మర్నాడు ముగించాడు. బీము నేనే మగ్గం మీద ఎక్కించాను.

మగ్గం నడిచింది. జానెడు గుడ్డ నేసేసరికి ఎడమ అంచు దగ్గర సన్నటి గీత కనిపించింది. ఒక పోగు తప్పు రాచులో ఉంది. మాస్టరు మగ్గం ఆపించాడు.

"నేనే జోడు తార్ అందిచ్చిన గావచ్చు" అన్నాడు లస్మయ్య.

"నువ్వు కాదు మామా. రెండో రాచుల పోయేది మూడోదాంట్ల పోయింది. నాదే" అన్నాడు దేవదాసు.

అతను మగ్గం వెనక్కి వెళ్లి, వేళ్లతో పోగు వెతికి తెంపాడు. అక్కడ ఇరుకు, లైటు పెట్టే చోటు లేదు. లస్మయ్య తన ఫోను టార్చి వెలిగించి పక్క నుంచి పట్టుకున్నాడు. "ఇంక కిందికి... ఇంక జర... గట్లనే పట్టు" అంటూ దేవదాసు పోగును సరైన కన్నులోంచి లాగి, దువ్వెనలాంటి పన్నె పళ్ల మధ్యకు తెచ్చి ముడి వేశాడు. మగ్గం మళ్లీ నడిచింది. గీత పోయింది.

ఓంప్రకాష్ గుడ్డను వెలుగుకు పట్టి వెనకా ముందూ చూశాడు. "ఎక్కువ రాచుల బీములు ఇప్పుడే ఇయ్య. ఇజ్జత్ తీసినట్టు అనుకోకు" అన్నాడు. "సాదా వాటికి నువ్వే కూసో. ముడేసే ముందు ఇంకోసారి నువ్వే చెక్ చేసుకోవాలె. దానికి టైం నేనిస్త."

"మంచిది మాస్టర్ సాబ్."

"మరి నా కండ్లో?" అన్నాడు లస్మయ్య. "రోజంత ఆ లైటు ముంగట కూసునుడంటే సినిమా హాల్ల పరదా ఎనుక కూసున్నట్టే."

మాస్టరు నా వైపు తిరిగి, లైటుకు ఒక స్టాండు, లస్మయ్య వైపు ఒక రేకు మరుగు చేసి పెట్టమన్నాడు. నేను అప్పుడే రేకు ముక్క కోసం వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఇద్దరూ రెండో బీము దగ్గర కూర్చున్నారు. లస్మయ్య కళ్లు చికిలించుకుని తిడుతూనే పోగు అందిస్తున్నాడు.